సంఖ్య లేని వత్తులు

తెలుగు వ్రాయునప్పుడు చెవి చెప్పు క్రమమొకటి, చేయి నడచు క్రమము మఱియొకటి. 'స్త్రీ' యను మాటను మెల్లగ పలికి చూడుడు. మొదట సకారము, పిదప తకారము, ఆ పిదప రేఫము, అన్నిటికిని కడపట ఈకారము వినవచ్చును. ఇక దానిని వ్రాసి చూడుడు. చేయి సకారమును వ్రాసి, వెంటనే దాని నెత్తిన గుడిదీర్ఘము పెట్టి, 'సీ' యైన తరువాతనే క్రిందికి దిగి తవత్తును క్రావడిని చేర్చును. కడపట పలికిన యచ్చు ముందుగ వ్రాయబడుచున్నది. నడుమ పలికిన హల్లులు వెనుకబడుచున్నవి. ఇరువది యేండ్లుగ పిల్లలచేత అక్షరములు దిద్దించుచున్న నాకు ఈ వింత క్రొత్తది కాదు. చెవికిని చేతికిని గల యీ తగవును పల్లెటూరి పిల్లవాడు మూడవ తరగతి దాటకముందే, ఎవ్వరును సూత్రము చెప్పకయే, తీర్చుకొనును. యంత్రమునకు మాత్రము ఈ తగవు తీర్చుట యొక విద్య. ఆ విద్య యెక్కడ దాచబడి యున్నదో, దానిని అందఱకు అందుబాటులోనికి తెచ్చుటకు జరుగుచున్న ప్రయత్నమేమో, అందులో తెలుగువారు చేయవలసిన పని యేమో, నేను కన్నంతవఱకు చెప్పదలచితిని.

కంప్యూటరు అక్షరమును బొమ్మగ దాచుకొనదు, సంఖ్యగ దాచుకొనును. లోకములోని లిపుల కన్నిటికిని సంఖ్యలు కేటాయించు యూనికోడ్ ప్రమాణము 1991లో మొదట వెలువడినప్పుడే తెలుగునకు అందులో 128 స్థానముల యిల్లు దొరకినది. ఆ పట్టికను నేను చూచితిని. అచ్చులకు సంఖ్యలున్నవి, హల్లులకున్నవి, గుణింతపు గుఱుతులకున్నవి, సున్నకును విసర్గకును ఉన్నవి, పొల్లునకును ఉన్నది. వత్తులకు మాత్రము లేవు. తవత్తునకు తనదైన సంఖ్య లేదు. పొల్లు సంఖ్య వెనుక తకారపు సంఖ్య వచ్చినచో, అక్కడ తవత్తు పుట్టవలెనని గ్రహించుకొనవలెను. అనగా పట్టిక చెవి క్రమమును పాటించినది. ఇది లోపము కాదు, చాల తెలివిగల యేర్పాటు. మాటను వెదకుటకు, అకారాదిగ కూర్చుటకు చెవి క్రమమే మేలు. కాని తెఱపై గాని కాగితముపై గాని అక్షరమును నిలుపవలసి వచ్చినప్పుడు ఎవరో యొకరు చెవి క్రమమును చేతి క్రమముగ మార్చి తీరవలెను.

సీసపు అక్షరముల కాలమున ఈ పని కంపోజిటరు చేసెడివాడు. వ్రాతప్రతిలో 'స్త్రీ' యని చూచి, గళ్ళపెట్టెలోనుండి ఏ యచ్చును ముందు తీయవలెనో, ఏ వత్తును ఎక్కడ దూర్చవలెనో అతని వ్రేళ్ళకు తెలియును. నేడు ఆ కంపోజిటరు స్థానమున కూర్చున్నది హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ. ఇక్కడ లైబ్రరీ యనగా పుస్తకశాల కాదు. ఒక పనిని చేయు విధమునంతను ప్రోగ్రాముగ వ్రాసి మూటకట్టి యుంచినది. ఎవరైనను తమ ప్రోగ్రాములోనుండి దానిని పిలిచి ఆ పని చేయించుకొనవచ్చును. బెహదాద్ ఎస్ఫాబోద్ అను ఇరానుదేశీయుడైన ఇంజనీరు దీనిని పెంచి పెద్దచేసెను. పేరు కూడ పారసీకమే, తెఱచిన యక్షరమని దాని భావము. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులలోను, ఆండ్రాయిడ్ ఫోనులలోను తెలుగును తీర్చి కూర్చుచున్నది ఇదియే.

అది చేయు పని సంస్కృత వ్యాకరణము చదివినవారికి పరిచితముగనే తోచును. ఒకదాని స్థానమున మఱియొకటి వచ్చుటను మనము ఆదేశమందుము. ఫాంటులో అట్టి యాదేశముల పట్టిక యొకటి యుండును. 'పొల్లు, తకారము' అను రెంటికి బదులు తవత్తు బొమ్మ రావలెనని అందు వ్రాసియుండును. ఏ యాదేశము ముందు, ఏది వెనుక అను క్రమము కూడ కలదు. ఐత్వపు గుఱుతును ఈ శాస్త్రము రెండు ముక్కలుగ విడదీయును: ఎత్వము తలపై నిలుచును, మిగిలిన ముక్క క్రిందికి దిగును. ఇట్లు తీర్చబడిన బొమ్మలను గీతలు గీతలుగ తెఱపై నింపునది వేఱొక లైబ్రరీ. వానిలో ప్రసిద్ధమైనది స్కియా. దీనిని గూగుల్ సంస్థ 2005లో కొని, 2008లో మూలముతోసహా లోకమున కిచ్చివేసినది. కోట్లకొలది ఫోనులలో మనము చూచు గీతలును రంగులును అది గీసినవే.

ఇంత విద్య సిద్ధముగ నుండగా కొఱత యెక్కడ? ఈ లైబ్రరీలు సీ ప్లస్ ప్లస్ అను భాషలో వ్రాయబడినవి. వానిని కంపైలు చేయుట యనగా, మనుష్యుడు చదువదగిన ఆ భాషనుండి ఒక్కొక్క యంత్రమునకు సొంతమైన యాజ్ఞలుగ మార్చుట. అట్లు మార్చినది ఆ జాతి యంత్రముపైననే నడచును. బ్రౌజరులో తెఱచు పేజీలకు వ్రాయు ప్రోగ్రాములు చిరకాలము జావాస్క్రిప్ట్ అను ఒక్క భాషలోనే యుండెడివి. బ్రౌజరు తన పేజీలోని తెలుగును తాను చక్కగనే చూపును. దాని గర్భములో హార్ఫ్‌బజ్ వంటి కంపోజిటరు కలదు. కాని పేజీలోని ప్రోగ్రాము తానే యొక దరఖాస్తునో ధ్రువపత్రమునో పీడీఎఫ్ కాగితముగ తయారుచేయ బూనినప్పుడు, ఆ కంపోజిటరు దానికి చేయందీయడు. తన యక్షరములను తానే పేర్చుకొనవలెను. పేర్చుట తెలియని ప్రోగ్రాము ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క బొమ్మను వరుసగ నిలిపి చేతులు దులుపుకొనును. ఆంగ్లమున కది చాలును, తెలుగునకు చాలదు.

మా పాఠశాలలో చదివిన యొక బాలిక విషయమున దీనిని కన్నులార చూచితిని. ఆమెది కొల్లేటి లంకగ్రామము. తండ్రి చేపల చెఱువుల మీద కూలి. ఆమె పేరు వెన్నెల యను అర్థమిచ్చు సంస్కృతపదము. అందు 'త్స్న' యను మూడు హల్లుల కలయిక యున్నది. ఒక కార్యాలయపు పేజీలో ఆమె వివరములు నింపితిమి. తెఱపై పేరు ముత్యమువలె నున్నది. కాగితముగ దింపుకొనిన పిదప అదే పేరు విఱిగి, తకారమునకు పొల్లు, సకారమునకు పొల్లు, నకారము వేఱుగ, బండి దిగిన ప్రయాణికులవలె ఒకరితో నొకరికి సంబంధము లేక నిలిచినవి. ఆ పిల్ల దానిని తేఱిపాఱ చూచి, "మాస్టారూ, ఇది నా పేరేనాండీ?" అని యడిగినది. పేరు దిద్దుకొనుటకు నావద్ద రెండు నెలలు శ్రమపడిన పిల్ల ఆమె. ఆ ప్రశ్నకు "అవునమ్మా" యనుట అబద్ధము, "కాదమ్మా" యనుట అన్యాయము.

దీనికి చికిత్స రెండు విధములు. మొదటిది, ఆ కూర్పు విద్యనంతను జావాస్క్రిప్ట్‌లో మఱల మొదటినుండి వ్రాయుట. హార్ఫ్‌బజ్‌లో నున్నది ఒక్క తెలుగు నియమమే కాదు. అరబ్బీ, దేవనాగరి, తమిళము, ఖ్మేరు మొదలగు లిపులలో ఎన్నో యేండ్లుగ ఎందఱో పాఠకులు తప్పులు చూపగా దిద్దబడిన నియమములు. మఱల వ్రాయువాడు ఆ తప్పులన్నిటిని మఱల చేసి, మఱల దిద్దుకొనవలసి వచ్చును. రెండవది, వ్రాసినదానిని వ్రాసినట్లే యుంచి, బ్రౌజరునకు తెలియు ఆజ్ఞలుగ కంపైలు చేయుట.

ఏలూరివారికి ఈ రెండవ మార్గమును తేలికగ చెప్పవచ్చును. బెజవాడనుండి వచ్చు కృష్ణకాలువయు, గోదావరి డెల్టానుండి వచ్చు కాలువయు మా యూరిలో కలియును. వాని నీటిమట్టములు వేఱు. సరకుపడవలు తిరిగిన కాలమున పడవను లాకులోనికి తెచ్చి, తలుపులు మూసి, నీరు వదలి, అవతలి మట్టమునకు ఎత్తియో దించియో పంపెడివారు. బస్తా యొక్కటియు గట్టుకెక్కించి మఱల దింపవలసిన పని లేదు. అట్టి లాకు ఈ విద్యలో ఎమ్‌స్క్రిప్టెన్. 2010లో అలాన్ జకాయ్ అనునతడు దీని నారంభించెను. ఇది సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామును ఎల్‌ఎల్‌వీఎమ్ అను మధ్యరూపములోనికి, అక్కడనుండి బ్రౌజరు మట్టమునకు దించును. మొదట జావాస్క్రిప్ట్‌లోనే వేగముగ నడచునట్టి యొక భాగముగ, 2013లో ఏఎస్‌ఎమ్ జేఎస్ అను పేర, ఈ మార్గము బలపడినది. 2017లో నాలుగు ప్రధాన బ్రౌజరులును వెబ్‌అసెంబ్లీ యను క్రొత్త యాజ్ఞాభాషను అంగీకరించినవి. 2019 డిసెంబరు 5న అది వెబ్బు ప్రమాణములలో నొకటిగ స్థిరపడినది.

ఇది ఊహామాత్రము కాదు. 1982లో వెలువడిన ఆటోక్యాడ్ అను చిత్రలేఖన సాధనము మన ఇంజనీరు లందఱకు తెలిసినదే. దశాబ్దములనాటి దాని మూలమే 2018లో ఈ మార్గమున బ్రౌజరులోనికి వచ్చినది. ఫిగ్మా యను రూపకల్పన సాధనము వారు 2017లో ఏఎస్‌ఎమ్ జేఎస్ నుండి వెబ్‌అసెంబ్లీకి మాఱగా, తమ పేజీ తెఱచుకొను కాలము మూడవవంతునకు తగ్గినదని ప్రకటించిరి. స్కియాను ఇట్లు దించినది కాన్వాస్‌కిట్ అను పేర స్కియావారే యిచ్చుచున్నారు.

నా పూర్వవిద్యార్థి యొకడు తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాలయమున చదువుచున్నాడు. సంక్రాంతి సెలవులలో మా యింటికి వచ్చినప్పుడు ఆ బాలిక కాగితమును అతనికి చూపితిని. అతడు కొంతసేపు చూచి, "ఇది ఫాంటు తప్పు కాదు మాస్టారండీ, పేర్చేవాడు లేడు. స్కియాలో పీడీఎఫ్ రాసే భాగం ఉంది. హార్ఫ్‌బజ్‌తో కలిపి దాన్ని మనమే దింపుకోవచ్చు," అనెను. పండుగ మూడు దినములును అతడు మా వసారాలో కూర్చుండి పనిచేసెను. చదువుకొన్నవాడను గాని యీ చదువు చదువనివాడను గనుక, నేను ప్రక్కన కూర్చుండి అడుగుచుంటిని.

వెబ్‌అసెంబ్లీ యాజ్ఞలెట్లుండునో చూపుమంటిని. రెండును మూడును కూడవలెనన్న, మొదట రెండును దొంతిపై పెట్టుము, పిదప మూడును పెట్టుము, కడపట కూడుము అని వ్రాయుదురట. ఆంగ్లమున క్రియ ముందును కర్మము వెనుకను వచ్చును. తెలుగున కర్మము లన్నియు చెప్పి క్రియను కడపట చెప్పుదుము. ఈ యాజ్ఞాభాష వాక్యము మన వాక్యమువలెనే నడచుచున్నది. దీనివలన తెలుగునకు ఘనత యేమియు రాదు. కాని తెలుగు బిడ్డకు ఇది దుర్గ్రహము కాదని చెప్పుటకు చాలును.

పడవ లాకు దిగుటయే కాదు, క్రొత్త కాలువ మర్యాదలును పాటింపవలెను. యంత్రముపై నేరుగ నడచు ప్రోగ్రాము ఫాంటు కావలసినప్పుడు యంత్రములోని ఫాంటుల గదికి పోయి తెచ్చుకొనును. బ్రౌజరులో ఆ గది లేదు. ఫాంటును ముందుగ దిగుమతి చేసి దాని చేతికీయవలెను. యంత్రముపై బొమ్మలాడించు ప్రోగ్రాము అంతములేని చక్రమువలె తిరుగుచుండును. బ్రౌజరులో అట్లు తిరిగినచో పేజీ యంతయు నిలిచిపోవును. ఒక్కొక్క బొమ్మ గీసి పగ్గములు బ్రౌజరు చేతికి మఱల నీయవలెను. జావాస్క్రిప్ట్‌లో వాడి విడిచిన జ్ఞాపకస్థలమును ఊడ్చువాడు వేఱుగ కలడు. వెబ్‌అసెంబ్లీలోనికి దించిన సీ ప్లస్ ప్లస్ స్థలమును అతడు ముట్టడు. వండినవారే గిన్నెలు కడుగవలెను. ఆ జ్ఞాపకస్థలమునకు చుట్టును గట్టు కలదు. 64 కిలోబైట్ల మడులుగ అది పెరుగును గాని గట్టు దాటి ప్రక్కవాని చెఱువులో చేయి పెట్టజాలదు. ఊరుపేరు తెలియని పేజీలనుండి వచ్చు ప్రోగ్రాములను మన యింటి ఫోనులో నడిపించుకొనుటకు ధైర్యమిచ్చునది ఆ గట్టే.

రెండవనాటి రాత్రి అతడు పెద్దగ పిలిచెను. "ఒక్క తప్పూ లేకుండా కంపైలయిందండీ!" తెఱపై తప్పులు సున్నయని యున్నది. కాని మూట బరువెక్కువ. లంకగ్రామములలో ఫోనుకు సంకేతము ఒకప్పుడుండును, ఒకప్పుడుండదు. కాన్వాస్‌కిట్ వాడినచో దిగుమతి సుమారు 1.5 మెగాబైట్లు పెరుగునని దానిని వాడు ఫ్లట్టర్ వారే చెప్పుదురు. ఫాంటు బరువు దానికి పైబడును. కొల్లేటి తాటిదోనెలో లాంచీ సరకు ఎత్తరాదు గదా. అందుచేత అతడు తగ్గింప మొదలిడెను. ధ్రువపత్రమునకు అక్కఱలేని విభాగములను, ఛాయాచిత్రములు విప్పునవి, త్రిమితి చిత్రములకు సహాయపడునవి, తీసివైచెను. ఇందులో తప్పు లేదు. పిమ్మట ఫాంటును గూడ తగ్గించుటకు తానే యొక చిన్న ప్రోగ్రాము వ్రాసి, అక్కఱలేని బొమ్మలను తొలగించెను. మఱల కంపైలు చేసెను. మఱల తప్పులు సున్న.

ఆ బాలిక పేరుతో కాగితము దింపి చూచితిమి. త్, స్, న. మొదటి కార్యాలయపు కాగితములో నెట్లు విఱిగినదో, మా వసారాలోను అట్లే విఱిగినది.

అతని ముఖము వాడినది. యంత్రము ఒక్క ఫిర్యాదైన చేయలేదు. కంపోజిటరు లోపలనే యున్నాడు. అట్లయిన బొమ్మలు లేవేమో యని తోచి, "ఫాంటులో ఏ యక్షరములు ఉంచితివి నాయనా?" అని యడిగితిని.

"తెలుగు పట్టికలో నంబరున్న ప్రతి అక్షరమూ ఉంచానండీ. నంబరు లేనివే తీసేశాను."

"వత్తులకు నంబరున్నదా?"

అతడు మాటాడలేదు. కొంతసేపటికి నవ్వి, తలపై చేయి వైచికొనెను. తవత్తు, సవత్తు, నవత్తు, క్రావడి, అన్నియు ఫాంటులో బొమ్మలుగ నున్నవే. కాని వానికి యూనికోడ్ పట్టికలో సంఖ్య లేదు. ఆదేశముల ద్వారముననే వానిని చేరగలము. సంఖ్య యున్నవానినే యుంచుదునన్న కత్తెరకు అవి కానరాలేదు. అక్కఱ లేనివన్న పద్దులో వానిని కత్తిరించి వైచినది. మఱునాడు అతడు ఆ కత్తెర నియమమును మార్చెను: సంఖ్య గల యక్షరములతో మొదలిడి, ఆదేశముల పట్టికను పట్టుకొని నడచి, ఎంతదూరము పోగలమో అంతదూరమున దొరకు బొమ్మల నన్నిటిని ఉంచవలెను. ఫాంటు కొంచెము బరువెక్కినది. పేరు అతుకుకొన్నది. ఆ కాగితము నేడు ఆ పిల్ల పెట్టెలో నున్నది.

ఈ చిన్న సంగతి నన్ను చాల దినములు వెంటాడినది. పట్టికలో సంఖ్య లేనిదానిని లోకములో లేనట్లెంచు బుద్ధి యంత్రములకు మాత్రమే గలదని మన మనుకొనరాదు. చేపల పట్టుబడికి తలిదండ్రులతో గట్లవెంట తిరుగు బిడ్డ పేరు హాజరుపట్టీలో నుండదు. లేనందున ఆ బిడ్డకు పుస్తకమును రాదు, భోజనమును రాదు. పట్టికవ్రాసినవానికి దురుద్దేశ మేమియు నుండదు. అతడు సంఖ్యలు గలవారి నందఱను న్యాయముగ చూచుకొన్నాడు. వత్తు తనంతట నిలువదు, ఒక హల్లు క్రింద బ్రదుకును. అయినను అది లేనిదే ఆ హల్లునకు అర్థము లేదు. తగ్గింపులు చేయువాడు ముందుగ అడుగవలసిన ప్రశ్న, 'దేనికి సంఖ్య గలదు?' అనునది కాదు. 'దేనిమీద దేని బ్రదుకు ఆధారపడి యున్నది?' అనునది.

మఱియొక పాఠమును ఇందు కలదు. కంపైలగుట వేఱు, చదువబడుట వేఱు. యంత్రము తప్పులు సున్నయన్నప్పుడు తన వ్యాకరణమున తప్పు లేదని మాత్రమే దాని భావము. తెలుగు చదువగలిగిన కన్ను ఆ కాగితముపై పడువఱకు పని ముగిసినట్లు కాదు. దీనికి లోకమంతయు కన్న సాక్ష్యము కలదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరపు సంఖ్యలవరుసలో ఒక కనబడని విడదీత గుఱుతు చేరిన రూపము సందేశముగ వచ్చినంతనే ఐఫోనులలో ఆ సందేశపు ప్రోగ్రాము కుప్పకూలెడిది. అది ఆపిల్ సంస్థ వారి కూర్పు లైబ్రరీలోని లోపము. ఆ నెల 19వ తేదీన దిద్దిన ప్రతిని విడుదల చేసిరి. జ్ఞానమను మాటకు తొలి యక్షరమే జగత్తులోని ఘనమైన ఫోనులను పడగొట్టెనని అప్పుడు అందఱు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ లైబ్రరీని పరీక్షించిన పదములలో అట్టి వరుస యొక్కటి యుండినచో ఆ దినము రాకపోయెడిది. ఆ వరుసను వ్రాసి యీయదగినవారు ఎవరు? మనమే గదా.

ఈ మార్గమున నున్న చిక్కులను దాచుట మేలు కాదు. బ్రౌజరు తానే చక్కగ చూపు మాటలకు ఈ మూటను మోయించుట వ్యర్థము. పేజీలోని పాఠమును పేజీకే వదలుట యుచితము. గీతలుగ మాఱిన యక్షరము చూపునకు అక్షరమే గాని యంత్రమునకు బొమ్మ. దానిని వెదకుటకు వీలులేదు, ఎత్తి వ్రాసికొనుటకు వీలులేదు. చూపులేనివారికి పేజీని చదివి వినిపించు సాధనములు ఆ బొమ్మయెదుట మూగవోవును. ఆ బాలిక పేరును అందముగ గీసి, చూపులేని వేఱొక బాలిక చెవికి దానిని దూరము చేసినచో, ఒకరి తగవు తీర్చి మఱియొకరికి తగవు పెట్టినట్లగును. కావున గీసిన ప్రతిచోటను, గీతల వెనుక ఆ మాటను మాటగ కూడ ఉంచవలెను. ఇది చేయదగినదే. చేయుటకు శ్రద్ధయే చాలును.

ఇక మనము చేయగలిగినది. హార్ఫ్‌బజ్, స్కియా రెండును మూలముతోసహా ఎవ్వరైనను తీసికొని, చదివి, మార్చి వాడుకొనదగినవి. ఉచితముగ వాడుకొనదగిన మంచి తెలుగు ఫాంటులును నేడు పెక్కులు కలవు. తాడేపల్లిగూడెములోను, ఏలూరిలోను, మఱి యెన్నో యూళ్ళలోను ఈ విద్య చదువు యువకులు వేలకొలది యున్నారు. వారికి ప్రోగ్రాము వ్రాయుట తెలియును; పదములు తెలియవలెను. తెలుగు పండితులకు పదములు తెలియును. అవి యంత్రములో ఎక్కడ విఱుగునో తెలియవలెను. ఈ యిరువురును ఒక బల్లయొద్ద కూర్చుండినచో పని జరుగును. ప్రతి పాఠశాలలోని తెలుగు ఉపాధ్యాయుడు తన హాజరుపట్టీని తెఱచి, అందలి పేర్లలో కఠినమైన సంయుక్తాక్షరములు గలవానినుండి ఆ సంయుక్తములను మాత్రము ఎత్తి వ్రాసినచో అంతకన్న మంచి పరీక్షాపట్టిక మఱియొకటి యుండదు. అవి కవిత్వములోని అపురూపపదములు కావు; పిలిచిన పలుకు మనుష్యులవి.

చదువరులలో తలిదండ్రులకు నా మనవి యొక్కటి. మీ బిడ్డల పేరు ఏ కాగితముపైనైనను విఱిగి వచ్చినచో, యంత్రములకు తెలుగు ఇంతేనని సరిపెట్టుకొనకుడు. యంత్రములకు తెలుగు తెలియును. తెలిసినదానిని ఆ చోటికి చేర్చుట మాత్రమే మిగిలి యున్నది. ఆ కాగితమును తిప్పి పంపుడు. ఏ యక్షరము విఱిగినదో దానిప్రక్కన దిద్ది మఱి పంపుడు. అట్లు దిద్ది పంపు చేతులు పెరిగినకొలది, ఆ పని చేయవలసినవారికి తప్పించుకొను దారి తగ్గును.